కారం లేని పులుసు

మా ఆయన మన్‌సు చేపల వేటకెళ్లిన పడవ మూడేళ్లయినా మా కొరియా తీరంలోని సోక్చో రేవుకు తిరిగి రాలేదు. అయినా మా అత్త రోజూ సాయంత్రం నాచేత చేపల పులుసు పెట్టించేది. అందులో దండిగా మిరప్పొడి, గుప్పెడు వెల్లుల్లి పడాల్సిందే.

"చప్పిడి పులుసు చూస్తే వాడు మళ్లీ పడవెక్కేస్తాడే. ఇంకో చెంచా వెయ్యి," అనేది.

ఇక తద్దినం పెట్టమన్నందుకు పక్కింటావిడను, ఆమె తెచ్చిన కిమ్చి పచ్చడి జాడీతో సహా బయటికి పంపేసింది. "బతికున్నోడికి ఎవరైనా పెడతారా?" అంది.

ఇవాళ కారం చెంచా గిన్నెదాకా వెళ్లాక, అత్త నా చెయ్యి పట్టుకుంది.

"కారం వద్దు. వెల్లుల్లీ వద్దు."

చెంచా తిరిగి డబ్బాలో పడేశాను. ఆ రెండూ లేకుండా మేం వండేది పోయినవాళ్ల కోసమే. ఆ ఘాటు తగిలితే వాళ్లు గడప దాటి లోపలికి రాలేరు.

"ఏమైనా కబురొచ్చిందా అత్తయ్యా?"

"వాడే వచ్చాడు. తెల్లారగట్ల తలుపు తీస్తే, తడిబట్టలతో గుమ్మం అవతల నిలబడి ఉన్నాడు. రారా అంటే రాడు. వంటింటివైపు చూస్తాడు, మొహం తిప్పుకుంటాడు."

ఆమె గొంతు తగ్గింది.

"ఎన్నాళ్లుగా వస్తున్నాడో. రోజూ కారం కొట్టి తరిమింది మనమే గదే."

నేను కారం డబ్బా మూత బిగించాను. చేతులు మళ్లీ మళ్లీ కడుక్కుని, వెళ్లి వీధి తలుపు బార్లా తీశాను.