కోటిలింగం మెడపట్టీ

కోర్టులో ప్రమాణం చేసి అబద్ధం చెప్పినవాళ్ళను జైలుకు పంపడం మానేసి అప్పటికి చాలా కాలమైంది. మెడకు ఏడాదిపాటు ఒక పట్టీ వేసి ఇంటికి పంపేస్తున్నారు. నిజం మాట్లాడితే దాని మీద పచ్చదీపం, అబద్ధమాడితే ఎర్రదీపం వెలుగుతుంది.

కాకినాడలో దర్జీ కోటిలింగానికి ఆ పట్టీ పడింది. అతని తమ్ముడి వ్యాను గుద్ది, చేపలమ్ముకునే బుల్లెమ్మ కాలు విరిగింది. ఆ సమయానికి తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడని కోటిలింగం ప్రమాణం చేసి చెప్పాడు. అది అబద్ధమని తేలిపోయింది.

పట్టీని చూడాలని వీధివీధంతా అతని కొట్టుకు వచ్చేది. "ఈ రంగు నాకు నప్పిందా?" అని అడిగి, ఆడవాళ్ళు అతని ముఖం వదిలేసి మెడ వైపు చూసేవారు. భార్య నాగరత్నం మాత్రం ఏమీ అడిగేది కాదు. అడగాలని ఎంత ఉన్నా, వచ్చే జవాబుకు భయపడేది.

ఒక ఉదయం బుల్లెమ్మ కర్ర ఊతంతో కొట్టు మెట్లెక్కింది. కోటిలింగం మిషను ఆపేశాడు.

"ఒక్క మాట అడుగుదామని వచ్చేను బాబూ. రేపు నీ తమ్ముడి కోసం మళ్ళీ సాక్ష్యం చెప్పాల్సొస్తే, అబద్ధం ఆడతావా?"

"ఆడనని చెప్పండి," అని పక్కనే కాజాలు కుడుతున్న నాగరత్నం గొణిగింది.

కోటిలింగం చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు.

"ఆడతానేమోనమ్మా. అమ్మ పోయాక వాణ్ణి నేనే పెంచేను. కాకపోతే, నీ కాలు చూసేక అంత తేలిగ్గా నోరు రాదు."

పచ్చదీపం వెలిగింది.

బుల్లెమ్మ దాన్ని కాసేపు చూసింది. "ఈ మాటేదో ఆ రోజు జడ్జిగారి ముందు అనుంటే సరిపోయేది కదయ్యా," అంటూ బల్ల మీద కూర్చుని, నాగరత్నాన్ని మంచినీళ్ళు అడిగింది.