అడగకూడని ప్రశ్న

నర్సు కావడానికి నూకరత్నానికి మిగిలింది ఒక్క ప్రాక్టికల్ పరీక్షే. ఆసుపత్రిలో సూదులూ మందులూ రోగి పడుకున్న మరమంచమే చూసుకుంటుంది కాబట్టి, నర్సు రోగి పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడితే చాలు. అయితే మంచానికి తెలిసిన సంగతిని మళ్ళీ రోగిని అడగకూడదు. అడిగితే మార్కులు పోతాయి. మంచాన్ని ఆపితే పరీక్షే పోతుంది.

అసలే బిడియం పిల్ల. పరీక్షకి ఇచ్చిన రోగి అప్పాయమ్మ మామ్మ పక్కన కూర్చోగానే ఇంట్లో అలవాటైన మాటే ముందు వచ్చేసింది.

"బువ్వ తిన్నావా, మామ్మా?"

గోడమీద ఎర్రదీపం వెలిగింది. పళ్ళెం ఖాళీ అయిందని మంచం ఎప్పుడో గుర్తించింది మరి.

"నేదే అమ్మా," అంది మామ్మ గొంతు తగ్గించి. "ఆ సప్పిడి కూడు ఎవులు తింతారు? దిండు కింద పెట్టీసినాను. మంచానికి సెప్పకు."

అప్పటికే మంచం షుగరు సూదిని పైకి లేపుతోంది. ఖాళీ కడుపుతో ఆ సూది పడితే మామ్మ స్పృహ తప్పుతుంది. నూకరత్నం లేచి మంచాన్ని ఆపేసింది.

"పరీక్ష ముగిసింది. బయటికి వెళ్ళవచ్చు," అంది గోడ.

"నా మూలాన పోయిందేటే నీ పరీచ్చ?"

"వచ్చే యేడు మళ్ళీ కూకుంతాన్లే." నూకరత్నం తన క్యారేజీ విప్పి పప్పన్నం కలిపింది. "ముందు నోరు తియ్యి."