లచ్చయ్య పట్టిన వేట

"తాడు దించేది లేదు. వేట ఏదో చూపించి కదులు మరిదీ."

జీపు ముందు దారికడ్డంగా తాడు పట్టుకుని నిలబడింది జంపక్క. లచ్చయ్యకు సొంత వదిన. ఆమె వెనక గూడెం ఆడవాళ్లంతా ఉన్నారు, వాళ్ల కాళ్ల దగ్గర పేడనీళ్ల కుండలున్నాయి. విత్తనాలు చల్లే ముందు చేసే భూమి పండుగ రోజుల్లో వేటకు పోయిన మగవాడు వట్టి చేతులతో తిరిగొస్తే ఆ నీళ్లు నెత్తిన పడాల్సిందే. మగవాళ్లంతా విల్లంబులతో అడవి దారి పడితే, ఈ లచ్చయ్య ఒక్కడూ "నా వేట ఖమ్మంల ఉంది, అక్కడికెల్లే తెస్త" అని పెద్దల ముందు మాటిచ్చి మరీ జీపెక్కాడు.

ఆ జీపు లచ్చయ్య ఆడే ఫ్యాక్టరీ బేస్‌బాల్ జట్టుది. ఆడడానికే జీతాలిచ్చి పెట్టుకున్న జట్టు. పుట్టినప్పటి నుంచి ఒక్క కప్పు మొహం చూసి ఎరగదు. నిన్న ఖమ్మంలో మొదటిసారి గెలిచింది, అదీ లచ్చయ్య చేతి చలవే.

జట్టు మేనేజరు సుందరరామయ్య బుగ్గన కిళ్లీతో జీపు దిగి, కప్పు పైకెత్తి చూపించాడు. "చూడండమ్మా, ఎంత కప్పు తెచ్చాడో మీవాడు."

జంపక్క అందులోకి తొంగి చూసింది. "గిన్నెలు మా ఇంట్ల లేవా సారూ? వేటంటే ఉరికేదన్న ఉండాలె, ఎగిరేదన్న ఉండాలె."

"ఎగిరేదే వదినె," అన్నాడు లచ్చయ్య. "అవతలోడు కట్టెతోని కొడితే బంతి మీదికి లేచింది. నేల మీద పడకముందే పట్టిన. పట్టంగనే వాడు ఔటు, ఆట మనది."

"ఔటంటే? సచ్చిండా?"

"ఆ పూటకు సచ్చినట్టే."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. లచ్చయ్య గుడ్డ చుట్టిన వేలు చూపించాడు. "తోలు తొడుగులకెల్లి జారితే వట్టి చేత్తోని పట్టిన. గోరు లేసిపోయింది. బంతికి నా నెత్తురంటింది."

"గట్ల చెప్పు. అయితే ఆ బంతే తే. ముక్కలు కోసి ఇంటికో వాటాగ పాలు వేద్దాం."

సుందరరామయ్యకు కిళ్లీ గొంతుకడ్డం పడ్డంత పనయింది. "కొయ్యడమేమిటమ్మా? అది మా జట్టు చరిత్ర. రేపు ఫ్యాక్టరీ పెద్దసారు చేతుల మీదుగా అద్దాల బీరువాలోకి వెళ్లాలి."

"మీ చరిత్ర మీది సారూ, మా ఇత్తనాలు మావి." జంపక్క పక్కనున్న జొన్నల చేట చూపించింది. "వేట నెత్తురు తగిలినంకనే ఇవి ఇంటింటికీ పోతయి. వేటల పాలు లేని ఇంటికి పిడికెడు గూడ పెట్టం. ఆ ఇంటి చేను ఈయేడు బీడే."

లచ్చయ్య తల వంచుకున్నాడు. అందరికన్నా వెనక అతని భార్య భీమక్క నిలబడి ఉంది. ఆమె చేతిలో ఖాళీ చేట.

ఇంతలో ఒకామెకు అసలైన అనుమానం వచ్చింది. "ఔ గానీ, ఆ బంతి కడుపుల ఏముంటదే?"

"గాలి ఉంటది."

"గాలైతే గోరెట్ల లేస్తది? రాయే."

"రాయైతే ఎగురుతదా? మా లచ్చయ్యనడుగు."

లచ్చయ్య గొణిగాడు. "ఏమో, ఎన్నడు కోసి సూడలే."

"దాంతోని బువ్వ తింటున్నడు, దాని కడుపుల ఏముందో ఎరగడంట," అంది జంపక్క. "మీకెరికేనా సారూ?"

సారు కిళ్లీని ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చుకున్నాడు. ఆయన చూపు జొన్నల మీదికి పోయి, అక్కడి నుంచి భీమక్క చేటలోకి పోయింది. చివరికి జీపు వెనక్కి నడిచి, సంచీలో చెయ్యి పెట్టి, జట్టువాళ్లందరికీ వినపడేలా గుసగుసగా అన్నాడు. "ప్రాక్టీసు బంతి ఒకటి పడేసి పోదాం. ఎవరూ నోరు మెదపకండి."

లచ్చయ్య దగ్గరికొచ్చాడు. "వద్దు సార్. దొంగ వేట ఇత్తనాలల్ల కలపొద్దు. పేడనీళ్లు పోసుకుంట గానీ..."

"నువ్వూరుకోవయ్యా." తువ్వాల్లో చుట్టిన బంతిని మేనేజరు తన చేత్తోనే జంపక్క కొంగులో వేశాడు.

ఇక చూడాలి ఆ సంబరం. జంపక్క కత్తి మొనతో ఎర్రదారం కుట్లు విప్పి తోలు ఒలిచింది. తోలు వేటగాడి ఇంటికే చెందాలంటూ, దాన్ని తిప్పి చూడకుండానే భీమక్క చేటలోకి విసిరేసింది. లోపల రాయీ లేదు, గాలీ లేదు. నూలు. లాగినకొద్దీ నూలు. ఒకామె కొస పట్టుకుని గుడిసెల వెంట పరుగెత్తింది. గూడెం అంతా దారం తిరిగినా ఉండ తరగలేదు. ఆటగాళ్లు కూడా జీపు దిగి నోళ్లు తెరుచుకుని చూశారు. ఆఖరికి రేగుపండు కన్నా కాస్త పెద్దదిగా, నల్లటి గుండెకాయలాంటిది బయటపడితే దాన్ని గూడెం పెద్దకు ఎత్తిపెట్టారు.

తాడు దిగింది. భీమక్క చేటలో జొన్నలు పడ్డాయి.

లచ్చయ్యకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. భార్యను పక్కకు పిలిచాడు. "ఆ ఇత్తనాలు చల్లకే. అది నేను పట్టిన బంతి గాదు. సారు దొంగది ఇచ్చిండు."

భీమక్క చేటలోంచి తోలు ముక్క తీసి తిరగేసింది. తెల్లటి తోలు మీద వేలిముద్రంత మేర గోధుమరంగు మరక, కుట్టు సందులో ఇరుక్కుని చిన్న గోరు పెచ్చు.

"మరి ఇది ఎవ్వలదయ్యా?"

లచ్చయ్య గిరుక్కున జీపు వైపు తిరిగాడు. ముందు సీట్లో సుందరరామయ్య ఆడవాళ్ల వైపు వీపు పెట్టి కూర్చుని, ప్రాక్టీసు బంతిని ఒళ్లో పెట్టుకుని, నోట్లోని కిళ్లీ రసాన్ని వేలికొసతో తీసి దాని మీద శ్రద్ధగా నెత్తుటి మరక దిద్దుతున్నాడు.