సీటు కింది కాగితం

"సీటు ఎత్తక్కర్లేదులే. చూసింది చాలు," అన్నాడు లైల్, మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటూ.

ట్రెంట్ నవ్వాడు. "భలేవారే పెద్దాయనా. సీటు ఎత్తకుండా పాత కారు కొనేవాడికి సైకిలే ఎక్కువని పోయిన పాత కార్ల సంతలో అన్నది మీరు కాదూ?"

సాగినా ఊళ్ళో ఆ ఆకుపచ్చ కారును ఎరగనివాళ్ళు తక్కువ. 1970లో సైన్యం నుంచి తిరిగొచ్చిన క్యాజ్ నోవిక్కి దాన్ని కొత్తగా కొన్నాడు. ఆ ఏటి మోడళ్ళలో అతి పెద్ద ఇంజన్ తన కారుదేనని, అది ఫ్యాక్టరీలోనే ఆ ఇంజన్‌తో పుట్టిందని బతికినన్నాళ్ళూ చెప్పుకున్నాడు. మొన్న మార్చిలో పోయాడు. ఇప్పుడు భార్య బెర్నిస్ దాన్ని అమ్మకానికి పెట్టింది.

చిన్న ఇంజన్‌తో పుట్టిన కారుకు పెద్ద ఇంజన్ తగిలించి, దొంగ కాగితాలు జతచేసి రెట్టింపు ధరకు అంటగట్టేవాళ్ళకు ఆ చుట్టుపక్కల కొదవ లేదు. అందుకే ట్రెంట్ కొనేముందు లైల్‌ను వెంటబెట్టుకొచ్చాడు. దొంగ కాగితాన్ని వాసన చూసి పట్టేస్తాడని లైల్‌కు మూడు కౌంటీల్లో పేరు.

బెర్నిస్ గ్యారేజీ బల్ల మీది బిస్కెట్ల డబ్బాలోంచి షోరూమ్ వాళ్ళిచ్చిన రసీదు తీసింది. ఇంజన్ అన్నచోట 'పెద్దది' అని స్పష్టంగా ఉంది.

"యాభై ఏళ్ళ కాగితం ఇంత తెల్లగానా?" అన్నాడు ట్రెంట్.

"మా పెళ్ళి కాగితం కన్నా దీన్నే భద్రంగా దాచాడు నాయనా. అదెక్కడుందో నాకిప్పటికీ తెలీదు," అంది బెర్నిస్.

లైల్ భూతద్దం పెట్టి ముద్ర చూశాడు. అక్షరాలు చూశాడు. వంక దొరకలేదు. రసీదును డబ్బాలో పెట్టేసి, తలుపు వైపు చూశాడు.

కానీ ట్రెంట్ అప్పటికే వెనక సీటు ఎత్తేశాడు.

ఆ రోజుల్లో ఏ కారుకు ఏయే భాగాలు బిగించాలో రాసిన కాగితం ఫ్యాక్టరీలో కారుతో పాటే నడిచేది. పని పూర్తయ్యాక దాన్ని సీటు స్ప్రింగుల్లో కుక్కి వదిలేసేవారు. ఇంట్లో దాచుకునే రసీదు ఎవడైనా అచ్చేయించుకోవచ్చు. స్ప్రింగుల మధ్య ఏళ్ళ తరబడి తుప్పు తాగిన కాగితాన్ని పుట్టించడం మాత్రం కష్టం. సీటు కింది కాగితం అబద్ధమాడదన్నది లైల్ మాటే. సంతల్లో అందరికీ కంఠతా వచ్చు.

లైల్ చెయ్యి తిన్నగా ఎడమ మూల స్ప్రింగు దగ్గరికి వెళ్ళింది. కాగితం అక్కడే ఉంది. మడతలు విప్పాడు. కారు నంబరు ఉండాల్సిన మూలను తుప్పు తినేసింది. మిగతాది చదవడానికి వీలుగానే ఉంది. రంగు, ఆకుపచ్చ. ఇంజన్, చిన్నది.

ట్రెంట్ ఈల వేశాడు. "అయితే డబ్బాలోది దొంగ రసీదన్నమాట. ఎవరో కాదు, క్యాజ్ ముసలాయనే చేయించాడు. కొత్తగా కొన్న కారాయె, మధ్యలో ఇంకో చెయ్యి పడలేదు."

"చేపల పొడవు విషయంలో తప్ప మా ఆయన జన్మలో అబద్ధమాడలేదు," అంది బెర్నిస్. ఎవరూ నవ్వలేదు. ఆమె లైల్ వైపు తిరిగింది. "మీరు చెప్పండి. అది వేరే కారు కాగితం అయ్యుండకూడదా? ఫ్యాక్టరీలో వాళ్ళూ మనుషులేగా."

లైల్ కాగితాన్ని మళ్ళీ మడతపెట్టాడు. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి కాగితాలు చేత్తో పట్టుకుని ఎందరిని దొంగలన్నాడో లెక్కలేదు. అందులో ఒకడు సంతకు రావడమే మానేశాడు. ఇప్పుడు 'అయ్యుండొచ్చు' అంటే వాళ్ళందరికీ ఏమని చెప్పాలి?

"అలా జరగదమ్మా," అన్నాడు, కారు చక్రం వైపు చూస్తూ.

బెర్నిస్ డబ్బా మూత మూసింది. "అయితే ఇన్నేళ్ళూ నాతో కూడా..." అని ఆగిపోయింది.

ట్రెంట్ సగం ధర చెప్పాడు. ఆమె బేరమాడలేదు. తలూపింది. అంతదాకా ఎకసెక్కాలాడిన ట్రెంట్, ఏమనుకున్నాడో, సీటును తనే జాగ్రత్తగా పెట్టి, కారు మీద పడిన తన వేలిముద్రను చొక్కా అంచుతో తుడిచాడు.

లైల్ తన పికప్ బండి ఎక్కబోతుంటే బెర్నిస్ వెనకే వచ్చింది. గసగసాల రొట్టె రెండు ముక్కలు, అట్ట పళ్ళెంలో పెట్టి తెచ్చింది.

"తీసుకోండి. మీ ఆవిడ పోయాక సరిగ్గా వండుకుంటున్నారో లేదో."

"వద్దమ్మా. ఇవాళ మీకు నేను చేసింది..."

"నిజం చెప్పమంటే చెప్పారు. అందులో మీ తప్పేముంది? మొహమాటపడకండి."

పళ్ళెం ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని లైల్ స్టీరింగు వెనక కూర్చున్నాడు. తెరిచి ఉన్న గ్యారేజీలో బెర్నిస్ మేకుకు తగిలించిన క్యాజ్ టోపీ తీసి, కాసేపు చూసి, మళ్ళీ తగిలించకుండా బల్ల మీద పెట్టింది. తర్వాత డబ్బా తెరిచింది. రసీదును మడతల మీదే రెండుగా చించి చెత్తబుట్టలో వేసింది.

లైల్ పికప్ తలుపు సగం తెరిచాడు. ఒక కాలు కింద పెట్టాడు. మళ్ళీ లోపలికి లాక్కున్నాడు.

1970లో ఆ ఫ్యాక్టరీలో సీట్లు బిగించే వరసలో నిలబడి, శుక్రవారం మధ్యాహ్నాలు బీరు మత్తులో చేతికందిన కాగితాన్ని చేతికందిన సీటులో కుక్కి పంపినవాడు లైలే.