గండుపిల్లి వద్దన్న ప్రాసెసర్

"మళ్ళీ ఏమన్నాడు నీ గండుపిల్లి?" సోఫాలోంచి భర్త అడిగాడు.

"పెంటియమే పెట్టమంటున్నాడు. 486 పెడితే పరువు పోతుందట."

డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి, రెండు మదర్‌బోర్డులు ముందు పెట్టుకుని కూర్చుందామె. ఒకటి వేగమైన పెంటియం ప్రాసెసర్‌ది, రెండోది అంతకంటే పాత, నెమ్మదైన 486ది. పాత కంప్యూటర్లను బతికించే పిచ్చివాళ్ళ గ్రూపులో చేరిన నాటి నుంచీ గండుపిల్లి అనే పేరుతో ఎవరో ఆమెను పీక్కుతింటున్నారు. ముఖం చూపించరు, పెట్టిన ప్రతి పోస్టుకూ వంక పెడతారు.

తాము బతికించిన కంప్యూటర్లతో గ్రూపువాళ్ళు పెట్టుకున్న పోయిన పోటీలో ఆమె పెంటియమే పెట్టింది. అందరూ ఆడాల్సిన పాత కారు రేసు ఆట అందులో వెర్రి వేగంతో పరుగెత్తింది. కీ నొక్కేలోపే కారు గోడకు గుద్దుకుంది. హాలంతా పగలబడి నవ్వింది. ఆ అవమానం ఆమెకు ఇంకా మంటగానే ఉంది. ఈసారి గెలవకపోతే గ్రూపులో తలెత్తుకోలేదు.

"ఆ ఆట ప్రాసెసర్ ఎంత వేగంగా ఉంటే అంత వేగంగా పరుగెడుతుంది. దీనికి నెమ్మదిగా ఉండేదే కావాలి," అంది.

"గండుపిల్లికి ఆ మాత్రం తెలీదా?"

"బాగా తెలుసు. నేను మళ్ళీ బోల్తా కొట్టాలనే అలా అంటున్నాడు."

వంటింట్లోంచి అత్తగారు గరిటెతో వచ్చారు. కరెంటాఫీసు కంప్యూటర్ బిల్లుల సెక్షన్లో చేసి రిటైరయ్యారు గానీ, ఆ గద్దింపు ఇంకా పోలేదు.

"అమ్మాయ్, ఈ ఇనుప సామాను ఎప్పుడు తీస్తావు? కంచాలెక్కడ పెట్టను?"

"ఏది పెట్టాలో తేల్చుకుంటే తీసేస్తానత్తయ్యా."

"నీ బుర్రకేది తోస్తే అది పెట్టు. ముందు టేబుల్ ఖాళీ చెయ్యి."

ఆమె 486 బోర్డే దగ్గరకు లాక్కుంది. పిన్నులు వంగకుండా ప్రాసెసర్‌ను సాకెట్లో కూర్చోబెట్టి బిగించింది. ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. కాసేపటికి గండుపిల్లి జవాబు వచ్చింది: "ఎడ్లబండి తోలుకుని రేసుకెళ్తున్నావా? వెళ్ళు, వెళ్ళు." ఆమె పళ్ళు నూరింది.

పోటీ రోజు, ఇంట్లో ఒక్కదాన్నే ఏం చెయ్యనంటూ వాళ్ళిద్దరితో పాటు అత్తగారు కూడా బయల్దేరారు. హాల్లో వెనక వరసలో కుర్చీ చూసుకుని కళ్ళు మూసుకున్నారు.

గండుపిల్లి మాట నమ్మి పెంటియం పెట్టిన కొత్తవాళ్ళ కార్లు వరసగా గోడలకు గుద్దుకున్నాయి. ఆమె కారు మాత్రం ప్రతి మలుపులోనూ ఒదిగి, దర్జాగా గీత దాటింది. పోయినసారి నవ్వినవాళ్ళే లేచి చప్పట్లు కొట్టారు. మొదటి బహుమతి ఆమెదే. సంతోషంతో ఆమె కాళ్ళు నేలమీద నిలవలేదు.

అంతలో ఫోన్లో గండుపిల్లి మెసేజ్ వచ్చింది. "ఎంత రెచ్చగొట్టినా నీ మాట మీద నిలబడతావో లేదో చూద్దామనుకున్నాను. నిలబడ్డావు. అక్కడే ఉండు, వచ్చి చెయ్యి కలుపుతాను."

"ఇక్కడే ఉన్నాడండీ," అని భర్తతో అంటూ ఆమె గుంపంతా కలియజూసింది. "రానివ్వండి, నాలుగు దులిపేస్తాను."

వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. ఆమె విసురుగా తిరిగింది.

చెయ్యి చాచి నిలబడ్డారు అత్తగారు.