గుండ్రటి మచ్చ

"చట్రం నలుపలకలది గదండీ. మచ్చ గుండ్రంగా ఎలా పడింది?" అని కన్‌జో మళ్ళీ అడిగాడు.

ఇంజనీరు తొకిదా వంగి మళ్ళీ చూశాడు. బల్ల మీద రెండు గుడ్డముక్కలు పరిచి ఉన్నాయి. రెండూ ఒకే తానులోవి, ఫుకుయి ఊళ్ళో కన్‌జో అక్క మిత్సుయే నేసినవి. ఒకటి ఏడాదిపాటు అంతరిక్ష కేంద్రం బయట చట్రానికి కట్టి, ఎండకీ చలికీ వదిలింది. రెండోది పోల్చి చూడ్డానికి ఉంచింది, ఈ గది దాటలేదు. సిరా తగిలితే గుడ్డ గుణం మారుతుందని దేని మీదా గుర్తు పెట్టలేదు. గుర్తుతో పనేముంది, పసిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడన్నాడు తొకిదా. ఒకటి మంచులా తెల్లగా ఉంది. ఇంకోదాని నడుమ గోధుమరంగు వలయం, దాని లోపల పోగులు నలిగి నూగు లేచాయి.

వలయంలో ఇనుము ఉందని పరీక్షలో తేలిందట. అంత పైన ఇనుము ఎక్కడిదో ఆయనకూ అంతుపట్టలేదు. ఉల్కల ధూళి అన్నారట ఒకరు. చట్రం మేకులన్నారట ఇంకొకరు. ఆ మేకులు ఇనుపవి కావు.

తమ్ముడి పక్కనే కూర్చున్న మిత్సుయే తన చేతులకేసి చూసుకుంది. మగ్గం నూనె కారిందో, తన చెమటే అంటిందో. ఈ గుడ్డ నెగ్గకపోతే మగ్గాలు పాత ఇనుముకి పోతాయి. తనతో నేసే ఆడవాళ్ళకి ఏం చెప్పాలి?

"నీ చెమటలో ఇనుముంటే మనకి మేకులు కొనే బాధ తప్పేది గదక్కా," అన్నాడు కన్‌జో.

ఆమె నవ్వలేదు. తెచ్చిన ఎర్రచిక్కుళ్ళ మిఠాయి పెట్టె ఒళ్ళోనే ఉంది, ఇవ్వబుద్ధి కాలేదు.

తొకిదా తెల్లముక్కని వేలితో నిమిరాడు. "వెళ్ళొచ్చింది ఇలా ఉండుంటే, అమ్మా, వ్యోమగాముల దుస్తులన్నిటికీ మీ గుడ్డే కావాలని రాసేవాణ్ణి. ఇప్పుడు వద్దని రాయక తప్పదు."

మిత్సుయే తల వంచి, మీకు శ్రమ ఇచ్చాం, క్షమించమంది.

ఆయన కలం కోసం కాగితాల కుప్పలన్నీ కెలికాడు. అది ఆయన చెవి మీదే ఉందని కన్‌జో చూపించాడు. చలిలో వచ్చారు, టీ అన్నా తాగి వెళ్ళమన్నాడు తొకిదా. పొయ్యి మీద మరుగుతున్నది వాళ్ళు గుడ్డ పంపిన రోజున కానుకగా ఇచ్చిన ఇనుప కెటిలే. ఆ రుచి ఇంకెందులోనూ రాదనీ, అప్పట్నుంచీ ఈ బల్ల దగ్గర తనకి అదే తోడనీ చెప్పాడు.

"ముందు సంతకం పెట్టండి. అది చూసే తాగుతాం," అన్నాడు కన్‌జో.

తొకిదా కప్పుల్లో టీ పోశాడు. ఎడంచేత్తో కాగితం దగ్గరికి లాక్కుని, చూపు దాని మీదే ఉంచి, కుడిచేతిలోని కెటిల్‌ని అలవాటుగా ఆ మచ్చగుడ్డ మీద దించాడు.

కెటిల్ అడుగు ఆ వలయంలో అంచు తప్పకుండా కూర్చుంది.