అమ్మ నాలుగో కోరు

పక్షవాతం తర్వాత అమ్మ తలలో ప్రాసెసర్ పెట్టారు. అందులో నాలుగు కోర్లు, అంటే నాలుగు చిన్న మెదళ్లు. ఏది మేలుకుందో, ఎంత వేగంగా పనిచేస్తోందో మా వంటింటి తెరమీద కనిపిస్తుంది. పక్కన సున్నా రాస్తే ఆ కోరు నిద్రపోతుంది, ఒకటి రాస్తే లేస్తుంది. ఆ అధికారం నాది.

ఆ రోజు గాలివానకు కరెంటు పోయింది. తెరకు వేరే బ్యాటరీ ఉంది గానీ, అమ్మ తలలోని బ్యాటరీ సాయంత్రం దాకా రావాలి. అమ్మేమో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మాటకు, చేతికి, నడకకు ఒక్కో కోరు ఉంది. నాలుగోది ఏ పనీ లేకుండా తిరుగుతోంది. బేరం లేని కొట్లో లైటు దేనికనుకుని దానికి సున్నా రాశాను.

అమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఒరే గురవయ్యా, నా పాటేదిరా?"

"నువ్వు పాడట్లేదు గదమ్మా!"

"లోపల పాడుకుంటన్నా. నిన్ను ఉయ్యాల్లో ఊపినప్పటిది. నీకు లెక్కలు తప్ప ఏం వినపడతయ్యిలే!"

"బ్యాటరీ చాలదమ్మా."

"అయితే నడక ఆపెయ్. ఈ వానలో నేనెక్కడికి పోవాల?"

నడకకు సున్నా, పాటకు ఒకటి రాశాను. గింజలు మళ్లీ పళ్లెంలో పడసాగాయి. తెరమీద నాలుగో కోరు అంకె పెరుగుతూ, తగ్గుతూ, మళ్లీ పెరుగుతూ ఉంది. పుట్టి బుద్ధెరిగాక అంకెల్లోనే బతికినవాణ్ని, అలాంటి అంకెను ఎన్నడూ చూడలేదు. చూస్తూ చూస్తూ ఉండగానే నా ఒళ్లు దానితోపాటు ఊగడం మొదలుపెట్టింది.